పదివేల తొమ్మిది పలకలు

పొద్దున్నే సరళ చేసే పనులు మూడు. గది ముందు ఊడ్చి నీళ్లు చల్లుతుంది. ఒక గ్లాసు టీ కాచుకుని గుమ్మంలో నిలబడే తాగుతుంది. ఆ తర్వాత కుచ్చిళ్లు ఎగదోపుకుని పోయి వెయ్యి పలకలు లెక్కపెడుతుంది.

మార్కాపురం నుంచి తర్లుపాడు పోయే రోడ్డు పక్కన మూతబడిన పలకల కార్ఖానా అది. రేకుల షెడ్డు ఎప్పుడో ఊడదీశారు. కోత మిషన్లు అమ్ముకున్నారు. మిగిలినవి సరళ ఉండే గది, గది ముందర విశాలమైన చదును నేల, ఆ నేల అంచున పలకల గుట్ట. అవి బడిపిల్లల పలకలు కావు. ఇళ్లలో నేలకు పరిచేవి, అరడుగు చదరం, ఊదా రంగువి. రోజుకు వెయ్యి చొప్పున లెక్కపెడితే పది రోజులకు పదివేలు అవుతాయి. పదో రోజు చివర్న ఇంకో తొమ్మిది మిగులుతాయి. వాటినీ లెక్కపెట్టి పదకొండో రోజు మళ్లీ మొదటికి వస్తుంది. పదకొండేళ్లుగా ఇదే. జీతమిచ్చేవాడు లేడు, లెక్క ఎంతయిందని అడిగేవాడు లేడు. ఇంత శ్రద్ధగా పనిచేసే మనిషి ఏ ఆఫీసులోనైనా ఒక్కరుంటే ఆ ఆఫీసు బాగుపడేది.

ఆ గుట్ట ఎక్కడికీ పోదు. ఎవరు ఎన్ని పట్టుకుపోయినా తెల్లారేసరికి పలకలు తిరిగి వచ్చేసి ఉంటాయి. ఒక్కదాన్ని వెనక వదిలేసి మిగతావి పోవు, అంతే. మొదట్లో కొన్నవాళ్ల లారీ వచ్చింది. ఎనిమిదేసి చొప్పున కట్టలు కడితే పన్నెండు వందల యాభై ఒక్క కట్టలయ్యాయి, ఒక పలక మిగిలింది. విడి పలకను లారీ ఎక్కించే అలవాటు ఈ వ్యాపారంలో లేదు. దాన్ని వదిలేసి లారీ కురిచేడు స్టేషన్ దాకా పోయింది. తెల్లారి చూస్తే లారీలో తాళ్లున్నాయి, పలకలు ఇక్కడున్నాయి. డ్రైవరు వెనక్కి వచ్చి, "నా టార్పాలిన్ కూడా వచ్చిందేమోనని చూడ్డానికొచ్చినా" అన్నాడు. అది రాలేదు. రెండోసారి ఆ ఒంటి పలకను కూడా క్యాబిన్‌లో తన పక్కన కూర్చోబెట్టుకుని పోయాడు. వెనక అన్నీ జతగా, ముందర ఇదొక్కటీ వేరుగా. దానికీ అవి ఒప్పుకోలేదు. షావుకారు విసిగిపోయి, అమ్ముడయ్యేదాకా చూస్తూ ఉండమని సరళకు చెప్పి మార్కాపురమే వదిలిపోయాడు. తర్వాత గుట్టనూ మరిచిపోయాడు, సరళనూ మరిచిపోయాడు.

ఊళ్లోవాళ్లు దీన్నేమీ వింతగా చెప్పుకోరు. కొన్ని బర్రెలు చేపవు, కొన్ని బోర్లలో నీళ్లు పడవు, ఈ గుట్ట పోదు.

బుధవారం పొద్దున సరళ ఏడో వెయ్యిలో ఉండగా సర్పంచి కృష్ణయ్య వచ్చాడు. ఆయనది గొర్రెలు కాసిన కుటుంబం. సర్పంచి అయినా చేతిలో కర్ర వదల్లేదు. గుట్ట పక్కన నిలబడి ఆమె చెయ్యి ఆగేదాకా చూశాడు. లెక్కలో ఉన్న మనిషిని పిలవకూడదని ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

"టీ కాచేదా మామా?" అంది సరళ.

"వద్దులే. ఒక మాట చెప్పిపోదామని వచ్చినా." ఆయన కర్రతో నేల మీద గీతలు గీశాడు. "కందులన్నీ రోడ్డు మీదనే ఎండబోస్తా ఉండారు. మొన్న బస్సు పోయి రెండు బస్తాలు నుగ్గునుగ్గు అయినాయి. కళ్లానికి చదును నేల మనకు ఇదొక్కటే. స్థలం పంచాయతీ పేరు మీదికి వచ్చింది. సోమవారం జేసీబీ వస్తాది."

"గుట్ట పోదు గదా."

"ఒకటి మిగిలితే గదా అవి తిరిగొచ్చేది. మిషన్ తోస్తే ఒక్కటి మిగలదు. మొత్తం ఒకేసారి క్వారీ గుంటలో పడతాయి." అన్నాక ఆయనకు కష్టంగా తోచింది. "ఈ గది కూడా తీయాల్సొస్తాది సరళా. నిన్ను పొమ్మనేది కాదు. ఊళ్లో యాడన్నా చూస్తాంలే."

ఆయన వెళ్లాక సరళ మళ్లీ గుట్ట దగ్గర కూర్చుంది. ఎక్కడ ఆపిందో గుర్తు రాలేదు. పదకొండేళ్లలో అట్లా జరగడం అదే మొదలు. గది పోతుందని ఆమెకు అంత బెంగ లేదు, ఎక్కడైనా ఒక మూల నడుం వాల్చొచ్చు. పొద్దున లేచి చెయ్యి చాపితే అందేది ఇంకేమీ ఉండదే అని భయం వేసింది. చుట్టాలు లేరు, పిల్లలు లేరు. పలకరించే మనుషులు ఉన్నారు గానీ వాళ్లందరికీ పొద్దుగూకితే పోవడానికి ఇళ్లున్నాయి. ఆమె కోసం తిరిగి వచ్చేవి లోకంలో ఈ పలకలే.

ఆ మధ్యాహ్నం గ్రామ సచివాలయం నుంచి అరుణ టేపు పట్టుకుని కొలతలకు వచ్చింది. ఇంజనీరింగ్ అసిస్టెంట్. గిద్దలూరు పిల్ల, ఇరవై ఆరేళ్లుంటాయి, మార్కాపురంలో గది తీసుకుని ఒక్కతే ఉంటుంది. కొలవడం అయ్యాక గుట్ట వైపు చూసి, "ఇంత రాయి ఉండగా దీన్ని గుంటలో పోసి, సిమెంటు కోసం పైవాళ్లకు కాగితాలు రాసేదెందుకక్కా? కళ్లానికి ఈ పలకలే పరిస్తే పోలా?" అంది.

సరళకు ఆ ఆలోచన ఇన్నేళ్లలో రాలేదు. పలకలంటే లెక్కపెట్టేవనే గానీ పరిచేవని మరిచిపోయింది.

"ఎన్ని ఉంటాయి?"

"పదివేల తొమ్మిది."

"సుమారుగానా?"

"సుమారు లెక్క నాకు రాదు పాపా."

అరుణ నోటుబుక్కులో ఏవో వేసుకుంది. గురువారం ఉపాధి పనికి వచ్చే ఆడవాళ్లు ఇరవై మందిని తెచ్చింది. డెబ్బై రెండు అడ్డం, నూట ముప్పై తొమ్మిది నిలువు. సాయంత్రానికి నేలంతా ఊదా రంగు చాప పరిచినట్టయింది. ఒక పలక మిగిలింది. దాన్ని అరుణ సరళ గుమ్మం పక్కన ఆనించి పోయింది.

శుక్రవారం పొద్దున చూస్తే అన్నీ గుట్టలోనే ఉన్నాయి. ఆడవాళ్లు గంపలు దించి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, టీకి నీళ్లు పెట్టమన్నారు. అరుణ మాత్రం చెట్టు కింద కూర్చుని గంటసేపు లెక్కలు చేసింది. తర్వాత పెన్ను మూసి నవ్వింది.

"ఇది ప్రధాన సంఖ్య అక్కా. పెద్దది. వంద లోపల ఇరవై ఐదు ప్రధాన సంఖ్యలుంటే అన్నింటితోనూ భాగించి చూసినా. ఒక్కదానితోనూ పోలేదు. రెండేసి పేర్చు, మూడేసి పేర్చు, నాలుగేసి, ఆరేసి, ఎనిమిదేసి, పన్నెండేసి పేర్చు, ప్రతిసారీ ఒకటే మిగులుతాది. ఏడేసి అయితే ఆరు. ఏదో ఒకటి మిగలకుండా మాత్రం ఉండదు."

"అంటే ఎవురితోనూ కలవదనా?"

"సమానంగా పంచుకోనీదు, అంతే. ఒకటి, మళ్లీ ఆ సంఖ్యే. ఆ రెండింటితో తప్ప భాగం పోదు. ఒకే వరుసలో పేరిస్తే సరిపోతాది గానీ, కిలోమీటరున్నర పొడుగు వస్తాది. తర్లుపాడు ఆటోలోళ్లు ఊరుకుంటారా?"

ఆడవాళ్లు నవ్వారు. సరళ నవ్వలేదు. తను ఇన్నేళ్లు లెక్కపెట్టినదానికి ఒక పేరుందని, అది ఇట్లాగే ఉంటుందని బడి పుస్తకాల్లో కూడా రాసిపెట్టారని ఆమెకు అప్పుడే తెలిసింది. ఎవరో తన ఇంటిపేరు అడిగి తెలుసుకున్నట్టు అనిపించింది.

ఆ రోజు అరుణ ఇంకోరకంగా పరిపించింది. తొంభై ఒకటి అడ్డం, నూట పది నిలువు. దానికి పదివేల పది కావాలి. ఒకటి తక్కువ పడి, మూల మీద ఒక పలకంత మట్టి కనబడుతూ ఉండిపోయింది. ఒక్క ఖాళీకి అవి అలగవులే అనుకున్నారు. శనివారం పొద్దునకు మళ్లీ గుట్ట. కృష్ణయ్య మార్కాపురం పోయి అదే రంగు పలక ఒకటి వెతికి తెచ్చాడు. మళ్లీ అంతా పరిచి, ఆ ఖాళీలో దాన్ని పెట్టారు.

ఆదివారం పొద్దున కొత్త పలక ఒక్కటే ఖాళీ నేల మూలన పెట్టింది పెట్టినట్టు ఉంది. మిగతా పదివేల తొమ్మిదీ గుట్టలో ఉన్నాయి. కృష్ణయ్య దాన్ని తీసి కండువాతో మట్టి తుడిచి, "నీదేం తప్పు లేదులే" అని చంకలో పెట్టుకున్నాడు. "నేను చేసేది ఇంకేం లేదు పాపా. రేపు మిషన్ వస్తాది. కందులు ఆగవు."

ఆయన పోయాక అరుణ గుమ్మం మెట్టు మీద కూర్చుంది. ఆదివారం పూట రావాల్సిన పని ఆమెకు లేదు. ఉన్న గదికి పోతే అక్కడా ఎవరూ లేరు కాబట్టి వచ్చింది. ఆ మాట ఆమె అనలేదు గానీ సరళకు తెలుసు.

"ఇక్కడి మిషన్ మీద కోసిందే ఇంకొక్క పలక దొరికినా చాలక్కా," అంది అరుణ. "పదివేల పది అయితే ఎంత మంచిదో. రెండు, ఐదు, ఏడు, పది, పదకొండు, పదమూడు, ఎన్నింటితోనో పోతాది. ఒక్కటి, ఒక్కటే."

సరళ లోపలికి పోయింది. తర్వాత ట్రంకుపెట్టె మూత తీసిన చప్పుడయింది. బయటికి వచ్చినప్పుడు చేతిలో పాత గళ్ల లుంగీలో చుట్టిన పలక ఉంది.

"ఉంది," అంది. "కానీ ఇయ్యను."

అరుణ ఏమీ అడగలేదు. అడగకపోవడం వల్లనే సరళ చెప్పింది.

కార్ఖానా నడిచే రోజుల్లో సరళ లెక్కమనిషి. ఆమె భర్త వీరాంజనేయులు కోత మిషన్ మీద ఉండేవాడు. ఆయన కోసిన పలకలను ఆమె లెక్కపెట్టేది. చేతికి ఐదు, ఇరవై చేతులకు వంద. వెయ్యి అయినప్పుడల్లా పక్క కుప్పలోంచి ఒక పలక తెచ్చి బండ మీద పెట్టేవాళ్లు. దాన్ని సాక్షి అంటారు. సాక్షులు సరుకులోవి కావు. పదో సాక్షిని పెట్టి లెక్కమనిషి లేచి నిలబడి, "పదివేలు. లెక్క సరి. పోవచ్చు" అని గట్టిగా అనాలి. ఆ మాట అంటే తప్ప లారీ కదిలేది కాదు. తర్వాత సాక్షులను ఏ కుప్పవి ఆ కుప్పలో వేసేవాళ్లు.

"ఆయనకు ఊపిరి ఆడక ఒంగోలు ఆస్పత్రిలో పెట్టినారు. నేను ఆడనే ఉండాల్సింది. లారీ వస్తాది, లెక్క ముగించి సాయంత్రానికి వస్తానని చెప్పి వచ్చినా. పో, నేను బాగానే ఉండా అన్నాడు. తొమ్మిది సాక్షులు పెట్టినా. పదోది చేతిలో పట్టుకున్నా. అప్పుడు ఫోన్ వచ్చింది." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "ఏం చేసినానో నాకు తెలీదు. బండ మీది తొమ్మిదింటినీ గుట్టలోకి తోసేసినానంట. బస్సు ఎక్కినా. ఒంగోల్లో దిగి చూసుకుంటే పదో పలక చేతిలోనే ఉంది. ఆయనప్పటికే పోయినాడు. పక్కన ఎవురూ లేరంట."

అరుణ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఒకదాన్ని వదిలిపెట్టి మిగతావి ఎందుకు పోవో నాకు మొదటి రోజే తెలిసింది పాపా. ఆ తొమ్మిది సంగతి ఎవురికీ చెప్పలేదు. లెక్కలో సరళ తప్పు చేసిందని అనిపించుకోలేక కాదు. ఈ పలక పెడితే లెక్క అయిపోతాది. లెక్క అయిపోతే ఆయన నిజంగా పోయినట్టే. గుట్టా పోతాది. అప్పుడు నాకేముంటాది?"

రోడ్డు మీద దోర్నాల బస్సు పోయింది. అరుణ మెట్టు మీద వేలితో అంకెలు వేసుకుంది. ఆమెకు ఓదార్చడం రాదు. వచ్చిన విద్య లెక్కలొక్కటే. కాసేపటికి మెల్లగా అంది:

"అయితే అవి పదివేల తొమ్మిది కాదక్కా. పదివేలు, ఇంకో తొమ్మిది."

"ఏంది తేడా?"

"పదివేలంటే వంద వందలు. వంద అడ్డం, వంద నిలువు, సరిగ్గా చదరం. తొమ్మిదంటే మూడు మూళ్లు. అదీ చదరమే." ఆమె లేచి నిలబడింది. "మా ఇంటర్ సారు ఒకసారి చెప్పినాడు. నాలుగేసి పేరిస్తే ఒకటి మిగిలే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దేనితోనూ భాగం పోకపోయినా, రెండు చదరాలుగా మాత్రం కుదురుతాదంట. ఒకే ఒక్క తీరుగా. ఇంకో తీరు ఉండదు. పరీక్షలో రాదని మేమెవరం రాసుకోలేదు."

సరళకు ఆ సారు చెప్పింది సగమే అర్థమయింది. కావలసిన సగం అర్థమయింది. ఇన్నాళ్లూ అందరూ అన్నింటినీ ఒకే వరుసల్లో ఇరికించబోయారు. సాక్షులది వేరే చోటని తనకు తెలుసు. తను చెప్పలేదు, అందుకే అవి కుదురుకోలేదు.

ఆదివారం ఉపాధి పని ఉండదు, కూలీ రాదు. కబురు పంపితే ఇరవై మందిలో పదిహేడు మంది వచ్చారు. ఒకావిడ మొగుణ్ణి కూడా తెచ్చింది. ఇటు వంద, అటు వంద, యాభై అడుగుల చదరం. పొద్దు వాలే వేళకు చివరి వరుస పడింది. తొమ్మిది పలకలు మిగిలాయి. వాటిని సరళ ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. గది గుమ్మం ముందర, పెద్ద చదరం అంచును తాకేలా, మూడు మూడు మూడుగా తనే పరిచింది. మనిషి ఒకరు కూర్చోవడానికి సరిపోయినంత జాగా అయింది.

"ఏవి ఆ తొమ్మిదో గుర్తుపట్టినావా అక్కా?" అని అరుణ అడిగింది.

"లేదు పాపా. అన్నీ ఆయన కోసినవే గదా."

సోమవారం పొద్దున సరళ నిద్ర లేచి చాలాసేపు తలుపు తీయలేదు. ఊడవాలి, నీళ్లు చల్లాలి, టీ కాచాలి. ఏదీ చేయకుండా గడియ మీద చెయ్యి పెట్టి నిలబడింది. గుట్ట ఉంటే మిషన్ వస్తుంది. గుట్ట లేకపోతే తన కోసం తిరిగి వచ్చేది ఇక ఏదీ లేనట్టే. రెంటిలో ఏది కోరుకోవాలో ఆమెకు తెలియలేదు. కడకు గడియ తీసి కాలు బయట పెట్టింది. పాదం కింద చల్లగా తగిలింది. తొమ్మిదీ ఉన్నాయి. వాటి అవతల పదివేలు ఎక్కడివక్కడే, మంచుకు తడిసి ఉన్నాయి.

జేసీబీ ఎనిమిదింటికి వచ్చింది. డ్రైవరు నేలంతా చూసి, ఇక్కడ తనకు పనేముందని అడిగి, టీ తాగి పోయాడు. పది కాకముందే కందులు వచ్చేశాయి. రోడ్డు మీద పోసినవాళ్లంతా ఎత్తుకొచ్చి తలా ఒక పక్క పోశారు. పలకలకు పట్టిన ఎండ వేడికి కాయలు చిటపటమని పగలడం గుమ్మం దాకా వినపడింది. కృష్ణయ్య అంచు వెంబడి ఒక చుట్టు నడిచి వచ్చి గది గోడను కర్రతో తట్టాడు.

"కళ్లమన్నాక కాపలా ఉండాల. కాపలా అన్నాక గది ఉండాల. తీసే పని లేదులే," అన్నాడు. తర్వాత, ఆయనకు అరుణ చెప్పిందో ఏమో, గొంతు తగ్గించి, "వీరాంజనేయులు చెయ్యి మంచిది. ఒక్క పలకకు అంచు వంకర లేదు," అన్నాడు.

పదకొండేళ్లలో ఆయన పేరు ఇంకొకరి నోట వినడం సరళకు చాలా తక్కువ.

మధ్యాహ్నం లుంగీలో చుట్టిన పలకను తీసుకుని ఆమె వాగు వైపు నడిచింది. వాగు ఒడ్డున సర్కారు తుమ్మల నడుమ ఆయన్ను పూడ్చిన చోటుంది. దినాలు అయ్యాక ఆమె అక్కడికి మళ్లీ రాలేదు. రోజూ వెయ్యి పలకలు లెక్కపెట్టే మనిషికి తీరిక ఎక్కడిది అని తనకు తానే చెప్పుకుంది. తీరిక లేక కాదు. ముఖం చెల్లక.

మట్టి దిబ్బ అణిగిపోయి దాదాపు నేలలో కలిసిపోయింది. ముళ్లకంప పక్కకు లాగి, తలవైపు మట్టి చదును చేసి, లుంగీ విప్పి పలకను అక్కడ పెట్టింది. కదలకుండా చుట్టూ మట్టి నొక్కింది. తర్వాత లెక్కమనిషి నిలబడాల్సినట్టు లేచి నిలబడింది. ఎండిన వాగును, అవతల నల్లమల కొండలను చూసి ఊపిరి తీసుకుంది.

"పదివేలు," అంది గట్టిగా. "లెక్క సరి."

మూడో మాటకు ఇంకాసేపు పట్టింది.

"పోవచ్చు."

అక్కడే కూర్చుని ఏడ్చింది. ఆ రోజు ఒంగోలు బస్సులో ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చి, పైట చెంగుతో ముఖం తుడుచుకుంటూ ఉండగా కళ్లం వైపు నుంచి కేక వినపడింది.

"సరళక్కా, యాడికి పోయినావు? కందుల్లో గొర్రెలు పడినాయి."

సరళ లేచి చీర దులుపుకుంది. "వస్తా ఉండా" అని అరిచి, వడివడిగా వెనక్కి నడిచింది. గొర్రెలను అదిలించి వచ్చి, గుమ్మం ముందరి తొమ్మిది పలకల మీద కూర్చుంది. ఆ రోజు ఏదీ లెక్కపెట్టలేదు.